చైనా సేమియా తిన్న మధ్యాహ్నం

ప్రొద్దుటూరులో రొయ్యల నూడుల్స్ పెట్టే హోటల్ ఆ రోజుల్లో ఒక్కటే ఉండేది. మద్రాసులో చైనావాళ్ళ దగ్గర వంట నేర్చుకుని వచ్చిన ఒక సాయిబు దాన్ని నడిపేవాడు. నెల్లూరు బస్సులో రొయ్యల ఐసుపెట్టె దిగిన రోజే ఆ వంటకం. మా ఊళ్ళో వాళ్ళు దాన్ని చైనా సేమియా అని ఎగతాళి చేసేవాళ్ళు. మా చిన్నాయనకు మాత్రం ఆ మాట వింటేనే నోట్లో నీళ్ళూరేవి.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊళ్ళో రెండు పార్టీలు, ఒకదానికి ఆయనే పెద్ద. అవతలి పార్టీ మనిషి ఒకడు చచ్చిన నాటి నుంచి చిన్నాయన ప్రాణానికి పూచీ లేదని అందరికీ తెలుసు. పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. ఎక్కడికి పోతున్నాడో పిన్నమ్మకు కూడా చెప్పేవాడు కాదు. ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడేట్టు కూర్చునేవాడు. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి దారులు మార్చాడు గానీ తిండి మార్చుకోలేకపోయాడు. రొయ్యలొస్తే ఆయన ఆ హోటల్లో ఉంటాడని పగవాళ్ళకూ తెలుసు. ఇది కొరివితో తల గోక్కోవడం కాక మరేమిటి?

పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయేవాడు. నేను అప్పుడే కాలేజీలో చేరాను. ఆడపిల్ల పక్కనుండగా మనిషి మీద చెయ్యి వేయరాదని మా పార్టీల మధ్య ఒక కట్టుబాటు. మా అమ్మ ఒకరోజు ఆయన్ను మొహమ్మీదే అడిగేసింది.

"ఏమప్పా, నా బిడ్డను అడ్డం పెట్టుకోని తిరుగుతాండావా?"

"దానికీ నూడుల్స్ ఇష్టమే గదా వదినా," అని నవ్వాడు.

ఇష్టమే. కానీ అమ్మ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత ఆయన నా ప్లేటులోకి రొయ్యలు ఏరి వేస్తున్నా అనుమానంగానే తినేదాన్ని.

ఆ మధ్యాహ్నం మేము లోపల అడుగు పెట్టగానే సాయిబు ఎదురొచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

"రొయ్యలు లేవప్పా. ఈ పొద్దు రాలే."

వంటింట్లోంచి రొయ్యలు వేగే వాసన గుప్పుమంటోంది. మేము వచ్చినప్పుడల్లా కూర్చునే గోడవారి బల్ల దగ్గర ఎవరో కొత్త మనుషులు. ముందున్న టీలు తాగడం లేదు. చిన్నాయన వాళ్ళను చూడనే లేదు. ఆయనకు అవమానంగా అనిపించింది.

"నాకే లేవంటావా?" అని నేరుగా వంటింట్లోకి నడిచాడు. వెనకే నేను.

సాయిబు పరుగున వచ్చి గొంతు తగ్గించాడు. "అరవొద్దప్పా. వాళ్ళు పొద్దన్నించి నీకోసరమే కూర్చోనుండారు. పెరటి వాకిలి తీసే ఉండాది, పో."

చిన్నాయన మొహంలో రక్తం లేదు.

"దొడ్డిదోవన పోయినోడు మా ఊర్లో తలెత్తుకోని తిరగలేడు భాయ్."

"అట్లయితే పాప చెయ్యి పట్టుకోని ముందర నుంచే పో. ఏమీ చెయ్యరు."

ఆయన నా వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టే అనిపించింది.

"పాపను మీ ఇంట్లోకి పంపీ. నాకు ఒక ప్లేటు పెట్టు."

"నేను పోను చిన్నాయనా," అన్నాను. పెరటి వెనక ఇంట్లోంచి వచ్చిన సాయిబు భార్య నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

చిన్నాయన ఆ రోజు వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడని సాయిబు తర్వాత మా నాయనకు చెప్పాడు. ప్లేటు ఖాళీ చేసి, చేయి కడుక్కుని, ముందు వాకిలి గుండానే బయటికి పోయాడట. వెనకే లేచిన ఆ మనుషులు ఆయన్ను బస్టాండు దాకా కూడా పోనివ్వలేదు.

నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. రోషానికి ప్రాణం ఇచ్చేవాడు మనిషి కాదు, మూర్ఖుడు. నన్ను పక్కన పెట్టుకుని నడిచి ఉంటే బతికేవాడు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.