మామ నడుముకు కట్టిన తాడు

నా చిన్నప్పుడు నేను భయపడని వస్తువంటూ లేదు. పసుపు ఉడికించే కడాయిల్లోంచి లేచే ఆవిరికి, మార్కెట్‌ యార్డులో నా తలకంటే ఎత్తుగా పోసిన పసుపు రాశులకు కూడా జడిసేదాన్ని. ఇక మా చేలోని బావి అంటే ఒకటే వణుకు. ఇంట్లో అందరికీ నేనొక వేళాకోళం.

మా చిన్నమామ గల్ఫ్‌లో, మునిగిపోయిన ఓడలను వెతికే ఓడ మీద పనిచేసేవాడు. మా బావిలోనే ఈత నేర్చినవాడైనా, అక్కడ ఆయన నీళ్లలోకి దిగడు. దిగినవాడి నడుముకు కట్టిన తాడు కొసను పైన పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. పైనుంచి చూస్తే నల్లని నీళ్లు తప్ప ఏమీ కనబడవట. కింద మనిషి ఉన్నాడో లేడో తాడే చెప్పాలట. పైవాడు ఒకసారి గుంజితే కిందివాడు తిరిగి ఒకసారి గుంజాలి. ఆయన సెలవు మీద వచ్చి ఈ సంగతి చెప్పాక నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ ఏడు దీపావళి వెళ్లాక, నేలలో పసుపు కొమ్ము ఊరి లావెక్కే రోజుల్లో, మా మోటరు నీళ్లు ఎత్తడం మానేసింది. పైపు చివర నీళ్లు పీల్చే ఫుట్‌వాల్ బావి అడుగు బురదలో కూరుకుపోయింది. నీళ్లందకపోతే పంట పోయినట్టే. తానే దిగి తీస్తానన్నాడు మామ. నడుముకు తాడు కట్టుకుని, దాని కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గీ పిరికిదానికిస్తున్నవేంది బామ్మర్దీ?" అని నాయిన నవ్వాడు.

మామ నవ్వలేదు. "ఇరవై లెక్కవెట్టి ఒక్కసారి గుంజు బిడ్డా. నేను సుత గుంజుత. గుంజకపోతే అందర్ని పిలువు," అన్నాడు.

మొదటి మునకలో జవాబు వచ్చింది. రెండోసారీ వచ్చింది. ఆ చిన్న కుదుపు అరచేతికి తగిలినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. గట్టు మీద నాయిన, పక్క చేను పెద్దనాయన వానల సంగతి మాట్లాడుకుంటున్నారు. మూడోసారి ఇరవై లెక్కపెట్టి గుంజాను. జవాబు లేదు. మళ్లీ గుంజాను. నీళ్ల మీద బుడగైనా లేదు.

"నాయినా! మామ గుంజుతలేడు!"

"నీకు అన్నిటికి భయమేనాయె. జర ఆగు," అన్నాడు నాయిన.

నేను ఆగలేదు. ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. తాడును రెండు చేతులకూ చుట్టుకుని, వెనక్కి ఒరిగి, గొంతు చిరిగేలా అరిచాను. నా ముఖం చూశాక నాయిన నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ పరుగున వచ్చి తాడు పట్టారు. ముగ్గురం లాగితే మామ పైకి తేలాడు. ఇనుప పైపు కింద కాలు ఇరుక్కుందట. దాన్ని విడిపించుకునే తొందరలో తాడు గుంజడానికి చేతులు ఖాళీ లేవు. పిక్క మీద చర్మమంతా లేచిపోయింది.

గట్టున పడి చాలాసేపు దగ్గాక మామ నాయిన వైపు చూశాడు. "అందుకే దీనికిచ్చిన బావా. ధైర్యమున్నోడు తాడు వట్టుకొని ముచ్చట్లు వెడ్తడు. ఓడ మీద నేను సుత ఒకనాడు గట్లనే ముచ్చట్లల్ల వడ్డ. కిందికి వోయినోడు మల్ల రాలే."

ఆ సంగతి ఆయన అంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాయిన నన్ను మళ్లీ ఎప్పుడూ పిరికిదానా అని పిలవలేదు. నీళ్లు ఆలస్యమై ఆ ఏడు పంట సగమే దక్కింది.

ఇప్పుడు మా మనవడు ఫోన్లో సముద్రం అడుగున తిరిగే యంత్రాలను, అవి కనిపెట్టిన తుప్పు ఓడలను చూపిస్తుంటాడు. వాడు ఓడను చూస్తాడు. నేను ఆ యంత్రం వెనక సాగే తీగను చూస్తాను, పైన దాన్ని పట్టుకున్నది ఎవరోనని.

మామ ఇప్పుడు వేల్పూర్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. రోజూ పొద్దున ఎనిమిదికి నేనొక మిస్డ్ కాల్ ఇస్తాను, ఆయన ఒకటి తిరిగి ఇస్తాడు. పది నిమిషాలు దాటితే చెప్పులు వేసుకుని ఆటో ఎక్కుతాను. అన్నిటికీ భయమేనని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మొన్న అలాగే సగం దారిలో ఉండగా, అరచేతిలో ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆటోలోనే ఏడ్చేశాను.