ఖాళీ బస్సులో తాతయ్య టిక్కెట్టు

“పక్క ఊరికి బస్సెక్కడం, దిగి మళ్ళీ ఇంటికి నడిచి రావడం! ఏందిది నాన్నా? ఊళ్ళో జనం నవ్వుతున్నారు.”

“నవ్వనీరా. ట్రాక్టర్ల మీద ఊరికే ఊరేగేవాళ్ళు నవ్వక ఏం చేస్తారు? బస్సు తీసేశాక నీ కూతుర్ని బడికి భుజాన మోసుకుపోతావా?”

“తీసేసేవాళ్ళు నీ ఒక్క టిక్కెట్టు చూసి ఆగుతారా?”

“ఒక్కటి కాదురా, ఒకటిన్నర.”

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం మా వాకిట్లో నాన్నా తాతయ్యా ఇలా అరుచుకున్నారు. ఆ అర టిక్కెట్టు నాది. మా ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. ఆరు చదవాలంటే చిలకలూరిపేట పోవాలి. అందుకు ఉన్నది ఒకటే బస్సు, పొద్దున పోయి సాయంత్రం వచ్చేది.

పత్తి రోజులు వచ్చాయంటే ఆ బస్సు ఖాళీ. పేట మిల్లులకు పత్తి తోలే ట్రాక్టర్లు పొద్దున్నే బయలుదేరేవి. పత్తి కుక్కిన బోరేల మీద మెత్తగా కూర్చుని, పైసా ఖర్చు లేకుండా పేటలో దిగవచ్చు. టిక్కెట్టు మిగిలిందని మావాళ్ళు మురిసిపోయేవారు, మా నాన్నతో సహా. నన్ను మాత్రం ఆ లోడు మీద ఎక్కించడానికి అమ్మ ససేమిరా అంది.

డిపోలో ఉన్న బండ్లే తక్కువనీ, వాటిలో కొన్ని ఎప్పుడూ రిపేరులోనే ఉంటాయనీ, ఒంగోలు రోడ్డులో జనం వేలాడుతూ పోతుంటే ఖాళీగా తిరిగే బండిని ఇక్కడ ఉంచరనీ కండక్టరు ఒకనాడు తాతయ్యతో చెప్పాడు. మర్నాటి నుంచే తాతయ్య బస్సెక్కడం మొదలుపెట్టాడు. నా పక్కన కూర్చుని పక్క ఊరికి టిక్కెట్టు కొనేవాడు. అక్కడ దిగి చేలగట్ల వెంట వెనక్కి నడిచొచ్చేవాడు. అందుకోసం చుట్టలు మానేశాడని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

గొడవ జరిగిన రోజు పొద్దున కండక్టరు, రేపో మాపో బండి మార్చేస్తారని మళ్ళీ హెచ్చరించాడు. అందుకే తాతయ్య నాన్నతో వాదన సగంలో వదిలేసి, కండువా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నేనూ వెంట వెళ్ళాను. ఎవరినీ ఏదీ అడగని మనిషి, “రేపు పేటకి బస్సులో రండయ్యా, పిల్ల చదువు నిలబెట్టండి” అని బతిమాలుతుంటే నేను తలెత్తలేకపోయాను. “ఏం పెద్దాయనా, బస్సులో నీకేమన్నా వాటా ఉందా?” అని ఒకాయన ఎగతాళి చేశాడు. అయినా ఎవరూ కాదనలేదు. పడుకోబోయే ముందు నాన్న కూడా, “సరే, నేనూ వస్తాలే” అన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత, ఇప్పుడు నేను రూపాయి రూపాయి చూసుకునే మనిషిని. కోడళ్ళు పిసినారి అంటారు, అననీ. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం, సున్నా రూపాయల టిక్కెట్టు కొట్టి ఇస్తారు. రద్దీలో కండక్టరు ఒక్కోసారి కొట్టకుండానే ముందుకు పోతాడు. నేను ఊరుకోను. “ఏం నాయనా, నేను మనిషిలా కనబడటం లేదా? నా టిక్కెట్టు కొట్టు” అని కేకేస్తాను. “డబ్బుల్లేని కాగితానికి ఇంత రచ్చెందుకు నానమ్మా” అని మనవరాలు సిగ్గుతో ముడుచుకుపోతుంది. ఈ బస్సులో ఫలానా ఊరి మనిషి ఎక్కిందని వాళ్ళ లెక్కలో పడాలి. పడితే రేపు బస్సు తప్పకుండా వస్తుందన్న నమ్మకం నాకూ లేదు. అయినా అడుగుతాను. అడగకుండా దిగడం నావల్ల కాదు.

తాతయ్య ఇల్లిల్లూ తిరిగిన మర్నాడు పొద్దున ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. అంతమందిని ఆ బస్సు ఎన్నడూ ఎక్కించుకుని ఉండదు. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎండ చురుక్కుమనేదాకా నిలబడ్డాం. పేటలో పాలు పోసి సైకిలు మీద తిరిగొస్తున్న ఆయన మమ్మల్ని చూసి ఆగి, మా బండిని ఒంగోలు రోడ్డుకు వేసేశారని చెప్పాడు. కాసేపటికి పత్తి ట్రాక్టరు వచ్చింది. పేటలో పనులున్నవాళ్ళు తాతయ్య వైపు చూడకుండా ఒక్కొక్కరే ఎక్కారు. తాతయ్య నా పుస్తకాల సంచీ తీసుకుని ఇంటిదారి పట్టాడు. అమ్మ నాకింత అన్నం పెట్టి, మిరపకాయల కోతకు పోయే ఆడవాళ్ళ వెంట చేలోకి పంపింది.