పడవకు నాలుగు సరిహద్దులు

టిఫిను పొట్లాలు కట్టేవాళ్ళ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ఇడ్లీలు ఇస్తారు, బాగానే ఉంటాయి. చట్నీని మాత్రం పాలిథిన్ సంచిలో పోసి, మూతికి దారం చుట్టి, ఈ జన్మలో ఎవరూ విప్పకూడదన్న పట్టుదలతో ముడి బిగిస్తారు. గోటితో గీకి, పంటితో కొరికి, చివరికి కత్తెర వెతికి తెచ్చేసరికి ఇడ్లీ చల్లారి ఉంటుంది, చట్నీ చొక్కా మీద ఉంటుంది. చదువుకున్నవాణ్ణి కనుక ఇంతకంటే ఏమీ అనను.

మా మావయ్యయితే ఆ ముడిని ఒక్క వేలితో విప్పేవాడు. తాళ్ళు, ముడులు ఆయన జీవితం. తాళ్ళరేవులో ఆయనకొక సరుకు పడవ ఉండేది. పడవంటే గోదావరి దాటించేది కాదు. ఇంజనూ తెరచాపా రెండూ ఉన్న చెక్క ఓడ. పెంకులో, ఉల్లిపాయలో, ఎండుమిరపకాయలో వేసుకుని ఒకసారి కొలంబో, ఒకసారి చిట్టగాంగు వెళ్ళొచ్చేది. మావయ్య మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. యజమాని కదా, రేవులో నిలబడి చెయ్యి ఊపడం ఆయన పని. పడవేమో విదేశాలు చూసింది, ఆయనేమో కాకినాడ చూశాడు.

ఈ తేడా ఆయన్ని లోపల్లోపల తొలుస్తోందని తొంభైల చివర్లో ఒక మాఘమాసంలో బయటపడింది. ఈసారి సరుకుతో పాటు తనూ కొలంబో వెళ్తున్నానని భోజనాల దగ్గర ప్రకటించాడు. అత్తయ్య పప్పు వడ్డించడం ఆపలేదు.

"వెళ్ళండి. నాకేదో ఒకటి రాసిపెట్టి మరీ వెళ్ళండి," అందట.

ఆవిడ మాటలో న్యాయం ఉంది. వాళ్ళుండేది అద్దె ఇల్లు. ఉన్న పొలం పడవ చెక్కలుగా మారింది. అత్తయ్య గాజులూ గొలుసూ ఇంజనుగా మారాయి. ఇంజను స్టార్టు చేసినప్పుడల్లా "అవిగో, నా గాజులు మోగుతున్నాయి," అనేది. పిల్లలు లేరు. మావయ్యకు తమ్ముడొకాయన మాత్రం ఉన్నాడు. వచ్చినప్పుడల్లా పడవ చుట్టూ ఒకసారి నడిచి చూసి, "అన్నయ్యకేమన్నా అయితే నేను లేనా వదినా," అని ధైర్యం చెప్పి వెళ్ళేవాడు. ఆ ధైర్యం విన్న రోజున అత్తయ్యకు నిద్ర పట్టేది కాదు. తనంటూ తలదాచుకోవడానికి ఒక ఆధారం కావాలి, అది కాగితం మీద ఉండాలి. అంతే ఆవిడ కోరింది. అంతవరకు మావయ్య ప్రయాణపు పెట్టెకు తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. తాళ్ళ ముడులన్నీ వచ్చిన మావయ్యకు ఆ ముడి జోలికి వెళ్ళే ధైర్యం లేదు.

దాంతో నన్ను రాజమండ్రి నుంచి పిలిపించారు. నేనప్పుడు లా మొదటి సంవత్సరం. వీలునామాలు మాకు రెండో ఏడాదిలో వస్తాయని చెప్పి చూశాను.

"పరవాలేదురా అల్లుడూ. కూర్చుని తల ఊపు, చాలు," అన్నాడు మావయ్య.

ఆ పనిలో నాకు అప్పటికే కాలేజీ అనుభవం ఉంది.

రాయడానికి ఊళ్ళో పొలాల దస్తావేజులన్నీ రాసే లేఖరి గారు వచ్చారు. మర్నాటి పోటుకు పడవ పాయలోంచి కదలాలని దాన్ని నడిపే సరంగు కబురు పెట్టాడు కనుక, ఆ రోజే రాత కోతలు ముగియాలి. మావయ్య పంచాంగం చూసి, ఏరి కోరి వర్జ్యంలో కూర్చోబెట్టాడు.

"ఇదేంటండీ, వర్జ్యంలో?" అన్నారు లేఖరి గారు అరుగు మీద చాప సర్దుకుంటూ.

"మంచి ముహూర్తంలో రాస్తే తొందరగా ఫలిస్తుందేమోనండి."

"అదంతా ఉత్త చాదస్తమండి. నేను వీలునామాలు రాసిపెట్టినవాళ్ళలో చాలామంది నిక్షేపంగా తిరుగుతున్నారు."

"మిగతావాళ్ళండి?"

"వాళ్ళవి అమల్లోకి వచ్చాయండి."

మావయ్య మంచినీళ్ళు అడిగి తాగాడు. అప్పటికే ఆయన కొలంబో ధోరణిలో ఉన్నాడు. పూల చొక్కా కుట్టించుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వీలునామా రాసినంతసేపూ తియ్యలేదు. పడవలో తూలకుండా ఉండటానికి పొద్దుటి నుంచీ కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం అలవాటు చేసుకుంటున్నాడు. పెరట్లోకి వెళ్ళినా అలాగే వెళ్ళొచ్చాడు. చూసేవాళ్ళు ఏదో సెగ్గడ్డ అనుకుని జాలిపడ్డారు.

నేను తెచ్చిన పూతరేకులు తలా ఒకటి తిన్నాక రాత మొదలైంది. "నాకు సంపూర్ణ ఆరోగ్యము, స్థిరచిత్తము ఉండగా" అన్న చోట లేఖరి గారు ఆ కళ్ళద్దాల వైపు ఒకసారి చూసి, రాసేశారు. ఆస్తి వివరం దగ్గర కలం ఆగింది.

"సరిహద్దులు చెప్పండి."

"దేనికండి?"

"ఆస్తికండి. తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు..."

"పడవకాండి?"

"పడవైనా పాకైనా నాలుగు సరిహద్దులూ ఉండాల్సిందేనండి. అవి లేకుండా నేను ఇంతవరకు కోళ్ళగూడు కూడా రాయలేదు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న అత్తయ్య కూడా తలెత్తింది. పడవ చరాస్తి అనీ, చరాస్తికి సరిహద్దులు అక్కర్లేదనీ నాకు తెలిసినంతలో చెప్పాను.

"చరాస్తంటే బీరువాలు, కుర్చీలు బాబూ," అన్నారు లేఖరి గారు జాలిగా. "కొలంబో వెళ్ళొచ్చే బీరువాని మీ కాలేజీలో ఎవరన్నా చూపించారా?"

చూపించలేదు. నేను మళ్ళీ తల ఊపడంలో పడ్డాను.

మావయ్యకు మాత్రం హుషారొచ్చింది. "రాసుకోండి. కట్టేసి ఉన్నప్పుడైతే తూర్పున పాయ. పడమర సరివి తోట. ఉత్తరాన ఐసు ఫ్యాక్టరీ. దక్షిణాన ఇంకొకాయన పడవ."

"ఆ ఇంకొకాయన పడవ అక్కడే ఉంటుందాండి?"

"ఎందుకుంటుందండి, అదీ చిట్టగాంగు వెళ్తుంది."

"సరిహద్దే చిట్టగాంగు వెళ్ళిపోతే నా దస్తావేజు ఏం కావాలండి? పోనీ, తాడు విప్పాక సంగతేంటి?"

"విప్పాక నాలుగు పక్కలా సముద్రమేనండి."

"సముద్రం ఎవరి పేరున ఉందండి?"

"ప్రభుత్వానిదే అయ్యుంటుంది."

"ఏ ప్రభుత్వం? దారిలో ఎక్కడో మనది అయిపోయి వాళ్ళది మొదలవదూ?"

"అవుద్దంటండి. గట్టు మాత్రం కనపడదని సరంగు చెప్పాడు."

గట్టు లేని పొరుగు అనగానే లేఖరి గారి ముఖం వాడిపోయింది. ఆయన జీవితమంతా గట్టు తగాదాల మీదే నడిచింది. "పైగా నాలుగు పక్కలా పరాయివాళ్ళదే అంటున్నారు. రేపు ఆవిడగారు తన ఆస్తిలోకి వెళ్ళాలంటే నడక దారి ఎటు నుంచండి? దారి హక్కు రాయాలా, వద్దా?"

"నేను నడిచి వెళ్ళను లెండి. మీరు రాసెయ్యండి," అంది అత్తయ్య.

చాలాసేపు వాదించుకున్నాక తూర్పు నీరు, పడమర నీరు, ఉత్తరం నీరు, దక్షిణం నీరు అని ఖాయమైంది. కింద కూడా నీరేనని మావయ్య గుర్తు చేశాడు. కింద ఏముందో రాసే ఆచారం లేదని లేఖరి గారన్నారు. అయినా యజమాని ముచ్చటపడుతున్నాడని అదీ కలిపారు. ఆ మధ్యలో ఉన్న పడవను, పొలాల దస్తావేజుల్లో ఎప్పుడూ ఉండే వరసలోనే, జల తరు పాషాణాలతో సహా అత్తయ్యకు దఖలు పరిచారు.

"పడవలో తరువు ఎక్కడిదండి?" అన్నాడు మావయ్య.

"తెరచాప కొయ్య చెట్టు కాదంటారా?"

"చెట్టేననుకోండి. జలం?"

"అడుగున చేరదాండి?"

"చేరుతుందండి. రోజూ తోడిస్తూనే ఉన్నాం."

"మరింకేం. పాషాణం సంగతి మీరే చూసుకోండి."

"లంగరుతో పాటు ఒక పెద్ద రాయి ఉందండి!" అన్నాడు మావయ్య. కళ్ళద్దాల వెనక ఆయన కళ్ళు ఎలా మెరిసి ఉంటాయో ఊహించుకోగలను. ఆ పాతకాలపు వరస ఒక్కటీ వృథా పోకుండా మొత్తం సరిపోయిన ఆస్తి తాలూకాలోనే లేదని లేఖరి గారు ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపారు. నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే సాక్షి సంతకం పెట్టాను. వీధి చివర ఎస్టీడీ బూతాయన, బూతులో ఎవరినో మాట్లాడుతుండగానే వదిలేసి పరిగెత్తుకొచ్చి, రెండో సాక్షి సంతకం పెట్టి పరిగెత్తాడు.

మావయ్య కాగితాన్ని పళ్ళెంలో పెట్టాడు. పక్కన రెండు తమలపాకులు పెట్టాడు. కాళ్ళు ఎడంగా వేసుకుంటూ గుమ్మం దాకా నడిచి, అత్తయ్య ముందు వంగి పళ్ళెం అందించాడు.

"ఇంద. ఇక మా తమ్ముడు కాదు కదా, వాడి తాత వచ్చినా పడవని కదిలించలేడు. ఇప్పుడా తాళం చెవి ఇలా పడెయ్యి."

వాళ్ళ తమ్ముడి తాత ఆయనకూ తాతేనని ఎవరం అనలేదు.

అత్తయ్య చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. పైనుంచి కిందదాకా వేలు పెట్టుకుంటూ, తొందరేమీ లేకుండా చదివింది. లేఖరి గారు కలానికి మూత పెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నారు. మావయ్య చెయ్యి చాపి నిలబడ్డాడు.

"నా తదనంతరం పడవ నా భార్యకు, అని రాశారు," అంది.

"అవునే. మొత్తం నీకే. రాయితో సహా."

"కొలంబో వెళ్ళేది ఈ పడవలోనేనాండీ?"

"మన పడవుండగా ఇంకో పడవెందుకే?"

అత్తయ్య కాగితాన్ని మడిచి తమలపాకుల మీద పెట్టింది.

"మీరు మునిగితే మీతో పాటు అదీ మునుగుద్ది కదండీ. ఇంక నాకు రాసిందేంటి?"