ఉప్పు పక్కన తెలుపు

కొత్త ట్యాబ్ తెరిచి పేపరు పేజీ పెట్టుకుంటే ముందు నాకు కనపడింది అక్షరాలు కాదు. కరక్కాయ నీళ్ళలో ముంచి సరిగ్గా పిండకుండా ఆరేసిన గుడ్డ కనపడింది. పేజీ ఎడమవైపు లేతగా ఎర్రబారి ఉంది. కుడివైపుకి వచ్చేసరికి పసుపు తిరిగింది. ఎక్కడ మారిందో చెప్పడానికి గీత లేదు, కానీ మారిన సంగతి తెలుస్తూనే ఉంది. ముక్కుకి కరక్కాయ వగరు వాసన తగిలినట్టయింది. గుడివాడలో మా అమ్మాయి ఇంటి వరండాలో ఆ వాసన రావడానికి కారణమేమీ లేదు. అద్దకం పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా వచ్చింది.

అమ్మాయి పేరు సుశీల. ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది. పేపర్లో అక్షరాలు నాకు ఆనడం లేదని, ఇందులో అయితే ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని ఈ ట్యాబ్ కొనిపెట్టింది. చదువు ఆలస్యంగా వచ్చినదాన్ని కాబట్టి నాకు చదవడం ఇంకా మొహం మొత్తలేదు. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి పెళ్ళిసంబంధాల దాకా చదివితే గాని నాకు రోజు మొదలవదు.

రంగు ఒకేలా లేదని సుశీలకి చూపించాను. మిషను ఆపకుండానే మెడ తిప్పి చూసింది.

"నాకేం తేడా తెలియట్లేదమ్మా. నీ కళ్ళే."

ఏడాదిగా మా ఇంట్లో అన్నిటికీ ఇదే జవాబు. బియ్యంలో రాయి వస్తే నా కళ్ళు. ఎర్రదారం బదులు మెరూన్ దారం అందిస్తే నా కళ్ళు. కంటి శిబిరంలో డాక్టరమ్మ శుక్లాలు ముదురుతున్నాయి, ఆపరేషన్ చేయించుకోమంది. చూద్దాంలే అన్నాను. ఇంకా అంటూనే ఉన్నాను. నాకు ఆసుపత్రి అంటే భయం లేదు, విసుగు. ఆ బల్లల మీద కూర్చోవడం, ఆ చుక్కలు, ఆ పచ్చగుడ్డ. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. నేను బతికింది కళ్ళ మీద. ముంచడం, పిండడం, ఉతకడం ఎవరైనా చేస్తారు. గుడ్డని చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని తేల్చడం నా పని. ఆ కళ్ళు చెడ్డాయంటే ఇక నా దగ్గర మిగిలిందేమిటి? అందుకే తప్పు ఆ ట్యాబ్‌దే కావాలని గట్టిగా కోరుకున్నాను. కోరుకుంటూనే నాకు పని నేర్పిన బీబమ్మగారు గుర్తొచ్చి కొంచెం సిగ్గుపడ్డాను. ఆవిడ ఉంటే కోరికలు పక్కన పెట్టి ముందు తిప్పి చూడమనేది.

మాది దివిసీమలో హంసలదీవి పక్క. పెళ్ళయి బందరు వచ్చాను. మా ఆయనకి రేవులో పని ఉన్నరోజు ఉండేది, లేనిరోజు లేదు. ఊరి బయట కాలవగట్టున ఒక అద్దకం షెడ్డు ఉంటే అందులో గుడ్డలు ఉతికే పనికి చేరాను. తెల్లగుడ్డని చలవ చేసి, కరక్కాయ నీళ్ళలో ముంచి, ఆరేసి, దాని మీద చెక్క అచ్చులతో పూలూ తీగలూ అద్దుతారు. ముంచడంలో తేడా వస్తే పైన ఎంత బాగా అద్దినా రంగు ఒకచోట ముదురు, ఒకచోట వెలితి. అందుకని అద్దకం బల్ల మీదికి వెళ్ళేముందు ప్రతి గుడ్డా బీబమ్మగారి చేతుల్లోంచి వెళ్ళాలి.

ఆవిడ అసలు పేరు ఖాసింబీ. బందరులోనే పుట్టిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. తల మీద కొంగు ఎప్పుడూ జారేది కాదు. తలుపు పక్కన ఎండ నేరుగా పడని చోట ఎత్తుపీట వేసుకుని కూర్చునేది. గుడ్డని ఒళ్ళో పరిచి చూసేది. తరవాత ఈ కొస అటు, ఆ కొస ఇటు తిప్పి మళ్ళీ చూసేది. షావుకారు తొందరపెట్టినా రెండోసారి చూడకుండా వదిలేది కాదు.

చేరిన కొత్తలో నేను ఆరేసిన గుడ్డ ఒకటి వెనక్కి పంపింది. ఒక పక్క పసుపుగా ఉందంది. నేను ఊరుకునేదాన్ని కాదు. పసుపు గుడ్డలో లేదు, మీరు కూర్చున్న చోట వెలుతురు అట్లా పడుతోంది అన్నాను. ఉతికేవాళ్ళంతా పని ఆపి చూశారు. ఆవిడ కోప్పడలేదు. రమ్మని పీట పక్కన కూర్చోబెట్టి గుడ్డ నా ఒళ్ళో వేసింది.

"తిప్పు," అంది. తిప్పాను. "పసుపు నీతో ఉందా, గుడ్డతో వెళ్ళిందా?"

గుడ్డతో వెళ్ళింది. కుడివైపున్నది ఎడమవైపుకి వచ్చింది.

"తిరిగితే గుడ్డది. తిరక్కపోతే వెలుతురుది, లేదంటే నీ కంటిది. వాదించేముందు తిప్పు. నీ నోట్లో ఉప్పుమడి ఉంది నాంచారీ, దాన్ని కొంచెం ఆరనియ్యి."

ఆ గుడ్డ మళ్ళీ ఉతికాను. నేను తడి మడత మీద మడత వేసి ఉంచేశాను, మడతలో నీళ్ళు నిలిచి పసుపు దిగింది. ఆ తరవాత ఆవిడ పీట పక్కన నాకు తరచు చోటు దొరికేది. ఎందుకని అడగలేదు. నన్ను అడిగితే, ఎదురు చెప్పేదాన్ని కాబట్టే అంటాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునండీ, అలాగేనండీ అనేవాళ్ళు. అలాంటి వాళ్ళ మధ్య మనిషికి విసుగు పుడుతుంది.

అక్షరాలు కూడా ఆవిడ దగ్గరే. అప్పటికి సుశీల బడికి వెళ్తోంది. దాని పలక చూసి నాకూ బుద్ధి పుట్టింది గాని ఎవరినీ అడగలేదు. గుడ్డ అంచున వేసే చెక్క అచ్చు మీద షెడ్డు పేరు తెలుగులో చెక్కి ఉండేది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు ఆ అచ్చు ఎదురుగా పెట్టుకుని బొగ్గుతో నేల మీద దిద్దేదాన్ని. చాలా రోజులు దిద్దాను. చేతికి బాగా వచ్చేసింది అనుకున్నాక బీబమ్మగారికి చూపించాను. ఆవిడ తల ఇటు వంచి, అటు వంచి చూసింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్నీ తిరగబడి ఉన్నాయట. అచ్చు మీద అక్షరం ఎప్పుడూ తిరగేసే చెక్కుతారు, గుడ్డ మీద పడ్డాక తిన్ననవుతుంది. నేను చెక్కని చూసి నేర్చుకున్నాను. అద్దకం షెడ్డులో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇట్లా నేర్చుకుని ఉండరు.

"నువ్వు రాసింది చదవాలంటే ఈ నేలని ఎత్తి గోడకి అద్దాలే," అంది.

నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్ళ కష్టం. ఆవిడ అచ్చుని నల్లరంగులో ముంచి చింకిగుడ్డ మీద అద్ది నా ముందు పెట్టింది. అచ్చుని చూడొద్దు, అద్దింది చూడమంది. ఆ గుడ్డపీలిక చూసే మొదటి అక్షరాలు తిన్నగా నేర్చుకున్నాను. మిగతావి రోజుకి ఇన్నని కాదు, ఖాళీ దొరికినప్పుడు చెప్పేది. ఇప్పటికీ తొందరలో రాస్తే ఒకటో రెండో తిరగబడతాయి.

చాలా ఏళ్ళు అట్లా గడిచాక ఆవిడ గుడ్డలు ఎక్కువగా వెనక్కి పంపడం మొదలుపెట్టింది. చలవ చేసి ఆరేసిన తెల్లగుడ్డల్ని చూసి పసుపు పోలేదు, మళ్ళీ చలవ చెయ్యండి అనేది. ఉతికేవాళ్ళు మళ్ళీ కాలవలోకి దిగేవాళ్ళు. మళ్ళీ తెచ్చేవాళ్ళు. మళ్ళీ పంపేది. ఎన్నిసార్లని ఉతికితే గుడ్డ నిలుస్తుంది? దుప్పట్ల కోసం తెచ్చిన మంచి తాను ఉతికీ ఉతికీ దోమతెరలా పలచబడింది. ఉతికేవాళ్ళ చేతులు నీళ్ళలో నాని పాసిపోయాయి. ముసలిదానికి చాదస్తం ముదిరిందని వెనక గొణుక్కునేవాళ్ళు, ముందు మాత్రం నోరెత్తేవాళ్ళు కారు. ఆవిడ ప్రతి గుడ్డా తిప్పే చూసేది. కానీ ఆవిడకి పసుపు ఒక పక్కన కాదు, గుడ్డంతా కనపడుతోంది. అంతా ఒకే రంగైనప్పుడు తిప్పితే ఏం తెలుస్తుంది?

షావుకారు కొత్తమనిషిని చూస్తున్నాడని విన్నాను. ఎవరో వచ్చి ఆవిడని పీట మీంచి లేపేముందు ఆవిడకి తెలియాలి అనిపించింది. చెప్తే నా పని కూడా పోవచ్చు. ఆ మధ్యాహ్నం మేము మామిడికాయ ముక్కలు తింటున్నాం. నంజుకోవడానికి కాగితంలో ఉప్పు ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళో ఉన్న గుడ్డ మీద ఉప్పు కుప్పగా పోశాను. మా దివి పక్క ఉప్పు, మంచి తెలుపు.

"ఇదేంటే," అంది.

"మీరే చెప్పండి బీబమ్మగారూ. ఏ రంగుంది?"

వంగి చూసింది. గుడ్డ తిప్పింది. పీట జరుపుకుని వెలుతురు మార్చుకుంది. తరవాత వేలితో ఒక పలుకు అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పే," అంది మెల్లగా.

కాలవ దగ్గర గుడ్డలు బండకేసి కొడుతున్న చప్పుడు వినపడుతూ ఉంది. ఆవిడ ఆ ఉప్పుని జాగ్రత్తగా కాగితంలోకి ఎత్తి మడిచి నా చేతికిచ్చింది. గుడ్డ దులిపింది. లేచి నిలబడి పీటని కాలితో నా వైపు జరిపింది.

"కూర్చో. ఈ పూట నుంచి నువ్వు చూడు. ఉతికేవాళ్ళని ఇక కాలవలోకి దింపొద్దని చెప్పు, పాపం." రెండడుగులు వేసి ఆగింది. "నీకూ వస్తుంది ఈ రోజు. అప్పటికి ఉప్పు పట్టుకొచ్చేవాళ్ళు పక్కన లేకపోతే నువ్వే పోసుకో."

షావుకారుతో కూడా తనే చెప్పింది. కళ్ళు పోతున్నాయి, నాంచారమ్మ చూస్తుంది అని. ఆ తరవాత కూడా కొన్నాళ్ళు షెడ్డుకి వచ్చేది. పీట దగ్గరికి మాత్రం వచ్చేది కాదు, అచ్చులు కడిగి ఆరబెట్టేది. గుడ్డ తడిగా ఉందా, పిండారా లేదా అన్నది చేత్తో తడిమి చెప్పేది. నేను ఏదైనా గుడ్డ దగ్గర తటపటాయిస్తే అక్కణ్ణుంచే "తిప్పావా?" అని అడిగేది. అప్పట్లో కంటి ఆపరేషను అంటే అందరికీ దొరికేది కాదు. దొరికే రోజులు వచ్చేసరికి ఆవిడ లేదు. జనాజా వెళ్తుంటే మేము ఆడవాళ్ళం షెడ్డు ముందు నిలబడ్డాం. కప్పిన గుడ్డ ఎంత తెల్లగా ఉందో అనుకున్నాను. అది అనుకోవాల్సిన సమయం కాదు గాని అనుకున్నాను.

ఇక ఈ ట్యాబ్ సంగతి. సుశీల నీ కళ్ళే అన్నాక నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని తలకిందులు చేశాను. పేజీ మళ్ళీ తిన్నగా తిరిగింది, ఇందులో అదొక విచిత్రం. అక్షరాలు తిరిగి నిలబడ్డాయి గాని రంగు మాత్రం ట్యాబ్ అద్దంతో పాటే వెళ్ళింది. ఎరుపు కుడికి, పసుపు ఎడమకి. సుశీలని లేపి పక్కన కూర్చోబెట్టి వట్టి తెల్లపేజీ పెట్టించి, తిప్పి, మళ్ళీ తిప్పి చూపించాను. మూడోసారికి దానికీ ఆనింది. "అవునే, ఇటంచున ఎర్రగా ఉంది," అంది. నాకు లోపల ఎంత సంబరమో చెప్పలేను.

కొన్న షాపుకే వెళ్ళాం. అక్కడి అతను మంచివాడే, కాకపోతే బాగా అలిసిపోయి ఉన్నాడు. "ఈ రకం అన్నీ కొంచెం అట్లాగే ఉంటాయండీ, వాడగా వాడగా అలవాటైపోతుంది," అన్నాడు. కళ్ళకి హాయిగా ఉండటానికి తెరని పసుపు చేసే ఏర్పాటు ఒకటి ఉంటుందట, అది వేసి ఉందేమోనని చూశాడు. లేదు. తిప్పి చూపించాను. ఇంకేం అనకుండా లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చిచ్చాడు. ఆటోలో వస్తూ దారంతా నేనే మాట్లాడాను. నా కళ్ళు ఇంకా ఉన్నాయని సుశీలతో అన్నాను. అది నవ్వింది.

మర్నాడు పొద్దున వరండాలో కూర్చుని కొత్తదాన్ని తెరిచాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు. ఎగుడుదిగుడు లేదు. కానీ అంతా పసుపే. పాత చీర మడతలాగా ఉంది. తిప్పాను, మారలేదు. సుశీలని పిలిచాను. ఆ పసుపు ఏర్పాటు ఉందేమోనని చూసింది, లేదంది.

"తెల్లగా ఉందమ్మా ఇది. పాలలా ఉంది," అంది. ఈసారి నీ కళ్ళే అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

అది లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇదీ మార్చేద్దాం అనొచ్చు. షాపతను మారుస్తాడు కూడా, మొహమాటస్తుడు. ఇంకోటి తెస్తాం. ఇంకోటి. ఎన్నిసార్లని ఉతికితే గుడ్డ నిలుస్తుంది?

లేచి వంటింట్లోకి వెళ్ళాను. డబ్బాలోంచి ఉప్పు తీసి చిన్న స్టీలు మూతలో పోసుకొచ్చి ట్యాబ్ పక్కన పెట్టాను. వంగి చూశాను. వరండా అంచు దాకా జరిగి వెలుతురు మార్చుకుని చూశాను. పేజీ ఎంత పసుపో ఉప్పూ అంతే పసుపు.

వేలితో కొంచెం అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను.

లోపల మిషను చప్పుడు ఆగింది. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డ సుశీల నా చేతిలో మూతని చూసి ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది. ట్యాబ్‌ని షాపుకి తీసుకెళ్ళక్కర్లేదు, దాని తప్పేం లేదని చెప్పాను. డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోమన్నాను.

నేను ఉప్పుని మూతలోంచి డబ్బాలోకి ఒంపాను. వేళ్ళకి అంటుకున్నది దులుపుకోలేదు.