బీరన్న ఆటో దిగని పిల్ల

మిర్యాలగూడలో తొమ్మిదేళ్ళ నందిని ఒక సాయంత్రం ఇంట్లో పడుకుని నిద్రపోయింది. అదే సాయంత్రం, అదే సమయానికి అబాకస్ క్లాసులో లెక్కలూ చేసింది. సరే, నిద్రపోయిందనడం కొంచెం ఎక్కువే, కళ్ళు మూసుకుందంతే. మిగతాదానికి ఆటో బీరన్న సాక్షి.

బీరన్నది పాలకీడు వైపు గొర్లు కాసిన ఇల్లు. మంద అమ్మి ఆటో కొన్నా చేతికి పాత అలవాటు పోలేదు. బడిపిల్లలు ఎక్కుతుంటే, దొడ్డి వాకిట్లో గొర్రెపిల్లలను తడిమినట్టు, ఒక్కో తల మీద చెయ్యి పెడతాడు. బడి నుంచి కరాటేకి, అక్కడి నుంచి హిందీ ట్యూషన్‌కి, డాన్సుకి వాళ్ళను తోలుతూనే ఉంటాడు.

నందిని తల్లి నీలా బ్యాంకులో పనిచేస్తుంది. పెద్దవూర దగ్గరి తండాలో పత్తి ఏరుతూ పెరిగిన మనిషి. తనకు దక్కని సాయంత్రాలన్నీ కూతురికి చదువై దక్కాలని ఆమె తపన. బడి వదిలే వేళకు ఇల్లు చేరి, ఇంటి గేటు దగ్గర పాలగ్లాసు, ఇంకో సంచీ పట్టుకుని నిలబడేది. నందిని నిలబడే తాగి, సంచీ మార్చుకుని, మళ్ళీ ఆటో ఎక్కేది.

ఆ ఎండాకాలంలో నందిని తల బీరన్న చేతికి చల్లగా తగలసాగింది. అతనికి భయం వేసింది. సాయంత్రం మంద తిరిగొచ్చాక ప్రతి గొర్రె తన పిల్లను వాసన చూసి పాలిస్తుంది. తల్లి మూతి పెట్టని పిల్ల చల్లబడి, తెల్లారేసరికి ఉండదని వాళ్ళ నాయన అనేవాడు.

ఒకరోజు నందిని గేటు దగ్గర పాలు తాగుతోంది. బీరన్న అద్దంలో చూశాడు. వెనక సీటు మూలన నందిని కాళ్ళు ముడుచుకుని, దుమ్ములో వేలితో బొమ్మ గీస్తోంది. వెనక్కి తిరిగి ఆ తల మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"దిగవా బిడ్డా?"

"నందిని దిగింది గద తాతా. ఇగ నేనెందుకు?"

బీరన్న గేటు దగ్గరికి పోయి, ఒక్కసారి బిడ్డ తల వాసన చూడమని నీలాను బతిమాలాడు.

"ఏంది బీరన్నా, పొద్దుగూకకముందే పట్టిచ్చినవా? క్లాసు టైమైతుంది."

"నీ బిడ్డ చల్లవడ్డదమ్మా. మీ తండల మేకలు లేకుండెనా? నీకెరుక లేదా?"

ఆ మాట ఎక్కడో తగిలింది. నీలా వంగి, ఎదురుగా ఉన్న పిల్ల జుట్టు వాసన చూసింది. ఏ వాసనా లేదు, కడిగిన గాజుగ్లాసులా. ఆమె బీరన్న చూపిన వైపు నడిచి ఆటోలోకి వంగింది. కొబ్బరినూనె, చెమట, ఎండ.

"యాడీ," అంది లోపలి పిల్ల. తండాలో అమ్మను పిలిచే మాట అది. ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళో అయింది.

నీలా ఆ పిల్లను ఎత్తుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

గేటు దగ్గరి పిల్ల ఖాళీ గ్లాసు గోడ మీద పెట్టి, సంచీ తగిలించుకుని ఆటో ఎక్కింది. నిటారుగా కూర్చుంది. "పోదాం అంకుల్. లేటైతది."

బీరన్న అద్దం పక్కకు తిప్పేసి తోలాడు.

ఆ సాయంత్రమే అబాకస్ సారు నీలాకు ఫోను చేసి, లెక్కలన్నీ అందరికంటే ముందు చేసింది మీ పాపే అని మెచ్చుకున్నాడట. అప్పుడు నందిని తల నీలా ఒళ్ళోనే ఉంది.

మర్నాటి నుంచి డాన్సు తప్ప అన్నీ మానేశారు. అదీ నందిని అడిగితేనే ఉంచారు. బీరన్న మాత్రం ఇప్పటికీ అబాకస్ క్లాసు ముందు ఆటో ఆపుతాడు; ఎవరో దిగేంతసేపు ఆగి, కదులుతాడు.

అడిగితే కొట్టిపారేస్తాడు.

"గసుంటిదేం లేదు. ఒక్క పిల్లను ఎక్కిచ్చుకున్న, ఒక్క పిల్లను దించిన. గొర్లు గాసినోనికి గా మాత్రం లెక్క రాదా?"