ఉస్తాద్ గీసిన ఎర్ర గీత

మా మూసాపేట ఉస్తాద్ పోయారు. ఆదివారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి, "మీ ఉస్తాద్ ఇగ లేడమ్మా. గుండె ఆగింది" అంది. అప్పుడు నేను కారు కడుగుతున్నాను. ఆ పైపు అలాగే చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, నీళ్లు పార్కింగంతా పారాయి.

ఉస్తాద్ అంటే మా కారు మెకానిక్. ఆ కారుకు టర్బో బిగించింది ఆయనే. ప్రగతి నగర్ నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు నేను రోజూ నడిపే చిన్న కారు అది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఈసురోమనేది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే ఆ కిట్ కొని ఆయన షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన ఆ కిట్ పెట్టె వైపు చూడనే లేదు. కారు చుట్టూ తిరిగారు. వెనక సీట్లో బిగించి ఉన్న నా కూతురి చిన్న కుర్చీ దగ్గర కాసేపు ఆగి, "ముందుగాల బ్రేకులు మారుస్త. ఉరికిచ్చుడు ఎవడైనా చేస్తడు, ఆపుడు చూడాలె" అన్నారు.

బిగించిన ప్రతి నట్టు మీంచి కింది ఇనుము దాకా గోళ్ల రంగుతో ఎర్ర గీత గీసేవారు. నట్టు కదిలితే గీత తెగుతుంది. "తెగిందంటే నా కాడికి రా. లేకుంటే ఫికర్ చెయ్యకు" అనేవారు. ఆ రంగు భార్యది. సీసా మాయమైనప్పుడల్లా ఆవిడ షెడ్డుకొచ్చి తిట్టిపోసేది, ఈయన చేతులు తుడుచుకుంటూ నవ్వేవారు.

గాలి ఒత్తిడి పూర్తిగా పెట్టమన్నాను. "పెట్టినమ్మా" అన్నారు. అది చూపించే మీటరు కూడా బిగించమంటే మాత్రం కసిరారు.

"నువ్వు మీటర్ చూసుకుంట కూసుంటే రోడ్డు ఎవరు చూస్తరు?"

కారుకు రెక్కలొచ్చాయనిపించింది. రెండేళ్లు ఆఫీసులో కనపడ్డవాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

ఆయన పోయిన నెలకు, ఆయిల్ మార్పించడానికి వేరే గ్యారేజీకి వెళ్లాల్సొచ్చింది. అక్కడి మెకానిక్ బోనెట్ కిందికి వంగి, "అక్కా, గాలి ఒత్తిడి స్క్రూ మొత్తం తగ్గిచ్చి పెట్టిండు. దీని సగం బలం గూడ మీరు చూడలే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు నా మొహం మీదే అబద్ధం! పోట్లాడదామంటే మనిషి లేడు. అప్పుడొచ్చింది ఏడుపు, ఆయన పోయిన రోజు కూడా రాని ఏడుపు. ఆ రోజు కారు చుట్టూ తిరుగుతూ ఆయన ఎక్కడ ఆగారో గుర్తొచ్చింది.

"పెంచాల్నా అక్కా? రెండు నిమిషాల పని" అంటూ అతను స్పానర్ తీశాడు.

"వద్దండి."

బోనెట్ మూసే ముందు నేనూ వంగి చూశాను. మసి పట్టిన ఇనుము మధ్య, స్క్రూ తల మీంచి కిందికి, గోరంత ఎర్ర గీత. ఎక్కడా తెగలేదు.