గుర్రం కింది నుంచి విజిళ్ల వరుసలోకి

ఆ మంగళవారం పొద్దున నోరీన్ డివేన్ తన వంతు హేక్ చేపలు కోసి, ముల్లు తీసి, మంచు మీద పరిచేసింది. అప్పటికి టీ వేళ కూడా కాలేదు. ఎప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. చేతులు సబ్బుతో కడుక్కుని వాసన చూసుకుంది. మళ్లీ కడుక్కుంది.

ఎదురు బల్ల దగ్గర ఆడపడుచు కన్సెప్టా కత్తి ఆపకుండానే అడిగింది. "ఏమే, ఎక్కడికి అంత తయారవుతున్నావు?"

"డింగిల్‌కి. విజిల్ కొనుక్కోవడానికి."

"నీకా? విజిలా?" కన్సెప్టా ఈసారి కత్తి ఆపింది. "గుర్రం పాట పాడుతుందిట, వినండర్రా!"

షెడ్డంతా నవ్వింది. నోరీన్ కూడా నవ్వింది. నవ్వుతూనే వ్యాన్ తాళాలు తీసుకుని బయటపడింది.

ఆ మాటకు అంత నవ్వు ఎందుకు వచ్చిందంటే, కారిగ్‌మోర్‌లో నోరీన్‌ది గుర్రం పని. క్రిస్మస్ మర్నాడు ఊరంతా రెన్ అనే బుల్లి పిట్ట పేరు చెప్పి వీధుల్లోకి వస్తుంది. ఒళ్లంతా ఓట్స్ గడ్డి దుస్తులు, ముఖం కప్పేసే గడ్డి టోపీలు, ముందు డ్రమ్ములు, వాటి వెనక విజిళ్లు. విజిల్ అంటే ఇక్కడ పోలీసు ఊదేది కాదు, ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి. అందరికంటే ముందు తెల్లగుర్రం నడుస్తుంది. కర్రల చట్రం మీద తెల్ల గుడ్డ, ముందు చెక్క తల. లోపలున్న మనిషి తాడు లాగితే దవడలు టపటప కొట్టుకుంటాయి, దారిన పోయేవాళ్ల టోపీలు ఎగిరిపోతాయి. చట్రం కింద పొట్టి మనిషి కావాలి. పందొమ్మిదో ఏట నోరీన్‌ను చూసి "నువ్వు సరిపోతావు" అన్నారు. ఇప్పుడు ఆమెకు నలభై ఆరు. ఇన్నేళ్లుగా ఆ పండుగలో ఆమె చూసింది తన బూట్లు, తడి రోడ్డు. పాటంతా వెనకనుంచి గుడ్డలోంచి వినడమే.

ఆ అక్టోబరులో జట్టు నాయకుడు మాంచీన్ కరన్ దగ్గరికి వెళ్లి, ఈ ఏడు విజిళ్ల వరుసలోకి వస్తానంది. మాంచీన్ పడవలు బాగు చేస్తాడు. డెబ్బై దాటాయి. ఎవరికీ కాదని చెప్పడు, ఎవరికీ మినహాయింపూ ఇవ్వడు.

"రా తల్లీ, వద్దన్నదెవరు? డిసెంబరు మొదటి ఆదివారం పడవల షెడ్డుకి రా. మన కవాతు పాట ఒంటరిగా, మొదటినుంచి చివరిదాకా ఊదు. ఊదితే వరుసలో ఉంటావు. లేదంటే గుర్రం నీకోసం ఎదురుచూస్తూనే ఉంటుంది."

"ఊదుతాను బాబాయ్."

"విజిల్ ఉందా?"

"కొనుక్కుంటాను."

మాంచీన్ రంపం అందుకున్నాడు.

డింగిల్ పట్నంలో మొదట పేపర్ల కొట్టు. కౌంటర్ మీద పెన్నుల డబ్బాలో పెన్నులతోపాటు మూడు విజిళ్లు నిలబెట్టి ఉన్నాయి. పచ్చ మూతివి. కొట్టతను వాన గురించి మాట్లాడుతుంటే నోరీన్ ఒకటి లాగి, అక్కడే, జనం మధ్యలోనే నోట పెట్టుకుంది. మెల్లగా ఊదింది. పలికింది! నిజంగా పలికింది! పై రంధ్రం మూసి ఒకటి, రెండోది మూసి ఇంకొకటి. పత్రిక తిరగేస్తున్న ముసలాయన తలెత్తి, "అదీ అట్లా" అన్నాడు. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. మూడో వేలు కూడా ఆనించింది.

గేటు సందులో ఇరుక్కున్న పందిపిల్ల అరిచినట్టు అరిచింది విజిల్.

"ఇది బాగాలేదు," అంటూ డబ్బాలో పెట్టేసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఎలుకబోనుల పక్కన విజిళ్లు అమ్మే ఇనప సామాన్ల కొట్టుకు పోయింది. అక్కడా పందిపిల్లే. పాత బట్టల కొట్టులో ఎవరో ఇచ్చేసిన సొట్ట విజిల్ ఒకటి దొరికింది. దాని లోపలినుంచి ఎండిన పాచి రాలింది, పాట రాలేదు. అయినా ఆమె నడక నెమ్మదించలేదు. ఒక కొట్టునుంచి ఇంకో కొట్టుకు దాదాపు పరుగు. ఇన్నేళ్లూ గుడ్డ కిందినుంచి విన్న ఆ మొదటి రెండు స్వరాలు ఇప్పుడు తన నోటినుంచి వస్తున్నాయి. మూడోది ఎక్కడో ఏదో ఒక విజిల్‌లో ఉండే ఉంటుంది.

చివరికి వాద్యాల దుకాణం. నడిపేది ఫియాక్రా, ముప్ఫై ఏళ్లవాడు, నోరీన్ చేపలకు పాత ఖాతాదారు.

"నోరీనక్కా! ఇవాళ మెకరెల్ తేలేదా?"

"ఇవాళ నేనే కొంటాను. అన్నీ చూపించు."

ఫియాక్రా అన్నీ బల్లమీద పరిచాడు. ఇత్తడివి, నికెల్ పూతవి, అల్యూమినియంవి. పొడుగువాటిని పక్కకు నెట్టాడు. "ఇవి వేరే శ్రుతివి. మీ జట్టుతో కలవాలంటే డి శ్రుతిది కావాలి. నువ్వు గొప్పగా ఊదినా సి శ్రుతిది పట్టుకుపోతే మాంచీన్ నిన్ను సముద్రంలోకి తోస్తాడు." ఆమె ఒక్కొక్కటే ఊదుతూ పోయింది. ఆమె ఊదిన ప్రతిదాని మూతినీ ఫియాక్రా క్రిములు చంపే మందులో తడిపిన గుడ్డతో తుడిచి పెట్టాడు. అన్నిటిలోనూ రెండు స్వరాలు చక్కగా, మూడో వేలు పడగానే కీచు.

"ఏదీ, ఇటివ్వు," అని ఫియాక్రా అదే విజిల్ ఊదాడు. పై స్వరంనుంచి కింది స్వరందాకా నీళ్లు దిగినట్టు దిగింది.

"నీకు అలవాటు కాబట్టి నీ మాట వింటుంది," అంది నోరీన్.

"అక్కా, ఇది కుక్కపిల్ల కాదు."

నీలం మూతి ఉన్న ఇత్తడిది తీసుకుంది. ఇంటికి వెళ్లేదారిలో రోడ్డు పక్కన వ్యాన్ ఆపి ఊదింది. మళ్లీ పందిపిల్ల.

ఆ తరువాత నవంబరంతా ఊరికి ఇదే కబురు. నోరీన్ వారానికోసారి డింగిల్ వెళ్లి విజిల్ మార్చుకొచ్చేది. ఇత్తడిది ఇచ్చేసి నికెల్‌ది, అదిచ్చేసి అల్యూమినియంది. శీతల గదిలో, కారు షెడ్డులో, వంటింట్లో కూడా ఊదింది. భర్త డోనాల్ చెవుల్లో దూది పెట్టుకుని టీవీ చూసేవాడు. ఇంకాస్త గట్టిగా ఊదాలేమో అనుకుంది, మెల్లగా ఊదాలేమో అనుకుంది. పాట మాత్రం పూర్తిగా వచ్చేసింది ఆమెకు. చేపలు కోస్తూ నోటితో మొత్తం పాడగలదు. విజిల్ మీదే సగం దాటదు. నాలుగోసారి మార్చడానికి వెళితే ఫియాక్రా దండం పెట్టాడు.

"అక్కా, ఇక నా దగ్గర డ్రమ్ములే మిగిలాయి."

పరీక్ష ఆదివారం. ఆ ముందరి బుధవారం టీ వేళ నోరీన్ విజిల్‌ను చేపల బల్లమీద పడేసి, కప్పు పట్టుకుని కూర్చుంది. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేదు. గుర్రం గుడ్డ ఉతకాలేమో అని ఆలోచిస్తోంది.

కన్సెప్టాకు అది చూసి వెక్కిరించాలనిపించింది. "ఇట్టా తే, నేను వాయిస్తా. కచేరీకి టికెట్లు కొనుక్కోండర్రా!" విజిల్ అందుకుని నోట పెట్టింది. ఆమె జన్మలో విజిల్ పట్టలేదు. బుగ్గలుబ్బించి ఊదుతూ వేళ్లు ఒకటొకటిగా మూసుకుంటూ పోయింది. ఘోరంగా వాయించింది. కానీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నీ పలికాయి.

నోరీన్ కప్పు కింద పెట్టింది.

"వదినా, అట్లాగే ఉండు. కదలకు."

"ఏమైందే? పురుగు గానీ పాకిందా?"

"వేళ్లు తియ్యకు!"

కన్సెప్టా ఎడమచేతివాటం మనిషి. అందుకే షెడ్డులో ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా వేశారు, కత్తులు తగులుకోకుండా. విజిల్ కూడా ఆమె తనకు వచ్చినట్టే పట్టుకుంది. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. ఊరందరూ పట్టుకునేదానికి తారుమారు.

నోరీన్ తన ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. చెయ్యి తిప్పి, మంచు పొగ పట్టిన స్టీలు బల్లమీద నాలుగు వేళ్లూ ఒత్తి తీసింది. మూడు గుండ్రటి మచ్చలు నిండుగా పడ్డాయి. ఉంగరం వేలిది మాత్రం ఒకపక్క కొరికేసినట్టుంది. ఎప్పుడో ఓ శీతాకాలం కత్తి జారి వేలికొస తెగింది. మానిపోయింది, మరిచిపోయింది. చేపలు కోసేవాళ్లలో వేలిమీద గాటు లేనివాళ్లు ఎవరు? దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఆ గుంటలోంచే గాలి పోతోంది. నెల రోజులుగా ఆమె ఊళ్లోని విజిళ్లన్నిటినీ మార్చింది గానీ వేలిని చూసుకోలేదు.

"అయితే నువ్వు ఫియాక్రా ప్రాణం తీసింది ఇందుకా!" కన్సెప్టా బల్ల మీద చరిచి చరిచి నవ్వింది.

నోరీన్ అప్పటికే విజిల్ లాక్కుంది. కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందికి. పాడైన వేలు ఇప్పుడు అన్నిటికంటే కింద, ఆఖరి రంధ్రం మీద పడింది. ఊదింది. ఒకటి, రెండు, మూడు! మూడోది! షెడ్డు రేకులకు తగిలి వెనక్కి వచ్చింది ఆ స్వరం. నాలుగు, అయిదు. ఆరో స్వరానికి మాత్రం గాలే వచ్చింది. పోతే పోనీ! నోరీన్ రబ్బరు బూట్లతో తడి నేలమీద గంతులేసింది. ఫోర్‌మన్ తొంగి చూసి వెళ్లిపోయాడు.

ఆదివారందాకా ఆమె చేసింది ఒకటే పని. చేతులకు పాతది మరపించడం, కొత్తది చెప్పడం. కుడిచెయ్యికి తెలిసింది ఎడమచెయ్యికి తెలియదు. చెంచా కూడా తప్పు చేత్తో పట్టుకుని తింది. డోనాల్ చెవుల్లోంచి దూది తీసేశాడు.

పడవల షెడ్డులో పాతికమంది దాకా ఉన్నారు. వేడుక చూడ్డానికి కన్సెప్టా కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మాంచీన్ బోర్లించిన పీపా మీద కూర్చున్నాడు. చలికి విజిల్ శ్రుతి దిగిపోతుందని నోరీన్ దాన్ని దారంతా చంకలో పెట్టుకుని వచ్చింది. తీసి, చేతులు తారుమారుగా పెట్టుకోగానే గుసగుసలు మొదలయ్యాయి.

"అదేంటమ్మా, తిరగేసి పట్టుకుంది?"

"ఊదనివ్వండి," అన్నాడు మాంచీన్.

ఊదింది. మొదట కాస్త తడబడింది, రెండో వరుసకు నిలదొక్కుకుంది. మూడో వరుసకు డ్రమ్ము కొట్టేవాళ్ల పాదాలు వాటంతటవే కదిలాయి. పాట తిరిగి మొదలయ్యేచోట కింది స్వరం మీద ఆగాలి. అక్కడ ఆమెకు ఉత్త గాలి వచ్చింది. ఆగలేదు, దాటుకుని పోయింది. చివరిదాకా ఊదింది.

మాంచీన్ పీపా మీదినుంచి లేచాడు.

"ఆ కింది స్వరమేమైంది?" అడిగాడు మాంచీన్.

"నా దగ్గర లేదు బాబాయ్. కోసేసుకున్నా." వేలు చూపించింది.

మాంచీన్ వేలిని పట్టుకుని దీపానికి ఎత్తి, చెక్కలో పగులు చూసినట్టు చూశాడు. "అడ్డంగా పట్టుకునే ఫ్లూట్ అయితే పక్కవాడి కన్ను పొడిచేదానివి. ఇది నిలువుగా పట్టేదేగా, ఎటు పట్టుకుంటే ఎవరికేం? ముప్ఫైమంది ఊదుతుంటే ఆ ఒక్క స్వరం ఎవరో ఒకరు ఊదుతార్లే." వేలు వదిలేశాడు. "వరుసలో ఉన్నావు."

నోరీన్ అరిచిన అరుపుకు పైకప్పు మీది సముద్రపు కాకులు లేచాయి.

"ఆగు, ఆగు. మరి గుర్రం కిందికి ఎవరు?"

పాతికమందీ ఒకేసారి తలుపు వైపు తిరిగారు.

"నా వైపు చూస్తారేంటి?" అంది కన్సెప్టా. "నేను పొడుగు. నా మోకాళ్లు బయటికి కనిపిస్తాయి."

"గుర్రం ఎదిగిందనుకుంటారు," అన్నాడు మాంచీన్.

"వదినా," అంది నోరీన్, "ఇన్నేళ్లూ నీ టోపీ కొరికింది నేనే. ఇప్పుడు నా టోపీ నీ ఇష్టం."

కన్సెప్టా తలుపు దగ్గరనుంచి ఓ అడుగు లోపలికి వేసింది. "ఫోర్‌మన్‌ది కూడా కొరకొచ్చా?"

"ముందు వాడిదే," అన్నారు నలుగురు.

క్రిస్మస్ మర్నాడు పన్నెండింటికి రేవు దగ్గర డ్రమ్ములు మొదలయ్యాయి. సన్నటి వాన. గడ్డి టోపీల కిందినుంచి విజిళ్ల మూతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆఖరి వరుసలో కుడిచివరన ఉన్నవి మాత్రం తారుమారు చేతులు. ఒక్కో ఇంటి తలుపు తెరుచుకుంటోంది. వంటింట్లో ఒక పాట, ఒక చుట్టు నాట్యం, చేతిలో ఒక కేకు ముక్క, మళ్లీ రోడ్డు. నోరీన్ కేకు నమలకుండానే మింగి విజిల్ అందుకుంటోంది. చర్చి మలుపు దగ్గర పొడుగు గుర్రం ఆగి, గుడ్డలోంచి అరిచింది. "ఏమే, నాకిక్కడ ఏమీ కనపడ్డంలేదే! ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి?"

"పదకొండు!" అని అరిచింది నోరీన్, మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.